తాళం పక్కనే తాళంచెవి

పోయినవారం పేటెంటు వకీలుగారు అడిగిన ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. ఇవాళ ఆయనే ఆఫీసుకు వచ్చి మళ్లీ అడిగారు. "దరఖాస్తు వెయ్యకముందే ఈ వస్తువు బయటివాళ్ల కంట పడిందా?" అన్నది ఆ ప్రశ్న.

వస్తువంటే పెద్దదేమీ కాదు, బొటనవేలంత కనెక్టరు. వైరు కొస వలిచి లోపలికి తోస్తే అందులోని స్ప్రింగు గట్టిగా పట్టుకుంటుంది. స్క్రూలు బిగించే పని లేదు. ఇలాంటివి లోకంలో చాలానే ఉన్నాయి. అయితే స్ప్రింగమ్మ చేసినదానిలో ఒక కొత్త సంగతి ఉంది. వైరు పూర్తిగా వెళ్లి కూర్చుంటేనే పక్కనున్న కిటికీలోంచి చిన్న తెల్లని నాలుక బయటికి వస్తుంది. సగంలో ఆగితే రాదు. చెయ్యి తప్ప కన్ను దూరని సందులో పనిచేసే ఎలక్ట్రీషియను వేలితో తడిమి చూసుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు. సగం కూర్చున్న వైర్ల వల్ల ఇప్పటిదాకా ఎన్ని ఇళ్లు అంటుకున్నాయో పైవాడికే తెలియాలి.

ఆ నాలుక కోసం ఆమె మూడేళ్లు కష్టపడింది. ఒక స్ప్రింగు మెత్తదైతే వైరు జారేది. గట్టిదైతే నాలుక విరిగేది. ఆమె అన్నం తింటూ కూడా స్ప్రింగుల మాటే మాట్లాడటంతో ఆఫీసులో అసలు పేరు పోయి స్ప్రింగమ్మ మిగిలింది. ఓనరుగారు మాత్రం ఒక్కటే మాట అన్నారు: శుక్రవారం లోగా దరఖాస్తు వెళ్లాలి. పేటెంటు వస్తే పరిశోధన విభాగం ఉంటుంది, రాకపోతే ఆ గది గోదాముకు పోతుంది.

కాబట్టి ఆ ప్రశ్న వినగానే విభాగం పెద్ద, అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన, గుండెమీద చెయ్యి వేసుకున్నారు.

"చీమకు కూడా తెలియదు వకీలుగారూ. నా మాటగా రాసుకోండి."

స్ప్రింగమ్మ కూడా తల ఊపింది. ఆ గదిలో నాలుగో మనిషి, పరీక్షలు చేసే కుర్ర ఇంజనీరు నట్టు, మాత్రం పైకి చూస్తూ కూర్చున్నాడు.

"నట్టూ" అంది స్ప్రింగమ్మ.

"ఆఁ, అక్కా."

"ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోందక్కా."

"అయితే ఇక ఇటు చూడు."

అతను ఇటు చూశాడు కానీ ఆమె ముఖం వైపు కాదు, వకీలుగారి కలం వైపు.

"అక్కా, వణుకుడు బల్ల పాడైపోయింది కదా..."

వణుకుడు బల్ల అంటే వస్తువును దానిమీద బిగించి రోజుల తరబడి ఊపే యంత్రం. రైళ్లలో, లిఫ్టుల్లో, పెద్ద పెద్ద మోటార్ల పక్కన పెట్టే కనెక్టరు ఊపుకు ఊడకుండా ఉంటుందో లేదో దానిమీదే తేల్చాలి. అది చెడిపోయి చాలాకాలమైంది. బాగు చేయించమంటే పర్చేజ్ వాళ్లు ముగ్గురి దగ్గర కొటేషన్లు తెమ్మన్నారు. ఆ యంత్రం బాగుచేసేవాడు ఉన్నదే ఒక్కడు. మిగతా ఇద్దరినీ ఎక్కడ పుట్టించాలో ఎవరికీ తెలియక ఆ కాగితం అలాగే ఉంది.

"పాడైతే? వణుకు పరీక్షలో నెగ్గింది అని నువ్వే కదరా రిపోర్టు ఇచ్చావు?"

"నెగ్గిందక్కా, ఒట్టు. అబద్ధం రాయలేదు. బల్లమీద కాదు, అంతే."

"మరి?"

"మా అత్తగారి లిఫ్టులో."

పెద్దసారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. వకీలుగారు ఇలాంటివి చాలా విన్న మనిషి, ముందు పూర్తిగా చెప్పనిస్తారు.

"అంటే అత్తగారిది కాదండీ, వాళ్ల అపార్టుమెంటుది" అన్నాడు నట్టు, అదేదో పెద్ద తేడా అయినట్టు. "పై అంతస్తులో మోటారు గది ఉంటుంది. అందులో కంట్రోలు పెట్టె. లిఫ్టు కదిలినప్పుడల్లా ఆ పెట్టెకి చలిజ్వరం వచ్చినట్టు ఉంటుంది. పాత స్క్రూ కనెక్టర్లు ఊడిపోయి అస్తమానూ లిఫ్టు ఆగిపోయేది. నేను వాటి చోట మనవి ఆరు పెట్టాను. నెలన్నర అయింది. ఒక్కసారి ఆగలేదక్కా! మన బల్లకంటే నయం. పొద్దున్నుంచి రాత్రిదాకా ఊపుతుంది, కరెంటు కూడా మనది కాదు."

"సంతోషించాం" అంది స్ప్రింగమ్మ. ఆమె గొంతు లోపల్నుంచి ఏదో అరుపు బయలుదేరి పళ్ల దగ్గర ఆగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒద్దంటావని."

వకీలుగారు అప్పుడు నోరు విప్పారు. "బాబూ, ఆ పెట్టెకి తాళం ఉందా?"

"ఉందండీ! గట్టి తాళం."

"దేవుడు మేలు చేశాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?"

నట్టు మళ్లీ ఫ్యాను వైపు చూడబోయి ఆగాడు. "పక్కనే మేకుకి తగిలించి ఉంటుందండీ."

"ఏ పక్కన?"

"తాళం పక్కనే."

వకీలుగారు కలానికి మూత పెట్టేశారు.

"ఎందుకంటే" అన్నాడు నట్టు, ఇంకా ఏదో మిగిలినట్టు, "ఇంతకుముందు తాళంచెవి పోయి రెండుసార్లు తాళం పగలగొట్టారటండీ."

స్ప్రింగమ్మ లేచి నిలబడింది. "పదండి వకీలుగారూ. చూద్దాం. మనం ఇక్కడ కూర్చుంటే వీడు ఇంకో సంగతి చెబుతాడు."

పెద్దసారు రాలేనన్నారు. సేల్స్ వాళ్లతో ఏదో మీటింగు ఉందట. "మీరు చూసి రండమ్మా. గాభరా పడకండి, ఏమీ కాదు" అని ఎంతో నిదానంగా చెప్పారు. ఆయన నిదానం చూసి స్ప్రింగమ్మకు కాస్త సిగ్గేసింది. పెద్దవాళ్లు పెద్దవాళ్లే అనుకుంది.

కారులో వకీలుగారు ఆమెకు విడమరిచి చెప్పారు. పేటెంటు ఇచ్చేది కొత్తదానికే. దరఖాస్తు వేసేనాటికి అది లోకానికి తెలిసిపోతే ఇక కొత్తది కాదు. కనిపెట్టింది నువ్వే అయినా సరే, బయటపెట్టింది నీ మనిషే అయినా సరే. కొన్ని దేశాల్లో కాస్త వెసులుబాటు ఉంటుంది కానీ మన సరుకు వెళ్లే దేశాలన్నిటిలో ఉండదు.

"పరీక్ష కోసం పెట్టాం, రహస్యంగానే ఉంచాం అని వాదించవచ్చు" అన్నారాయన. "కానీ మేకుకు వేలాడే తాళంచెవితో రహస్యం అని ఏ మొహం పెట్టుకుని వాదించను?"

ముందు సీట్లో నట్టు మెడ వంచుకుని కూర్చున్నాడు. అతని చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. కసురుదామని నోరు తెరిచిన స్ప్రింగమ్మకు ఆ చెవులు చూసి మనసొప్పలేదు. మంచి చేద్దామనుకుని చెడగొట్టేవాడిని ఏమనాలి? పాపం చేసినవాడికైతే శిక్ష ఉంది. తెలివితక్కువకి ఏముంది? దేవుడు కూడా ఆ లెక్క తేల్చకుండా వాయిదా వేసి ఉంటాడు.

అపార్టుమెంటు గుమ్మంలోనే నట్టు అత్తగారు ఎదురయ్యారు. అల్లుడు ఫోన్ చేసి 'పెద్దవాళ్లు వస్తున్నారు' అన్నాడట. అంతే, ఆవిడ మంచి చీర కట్టుకుని లిఫ్టు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. ఆమె వెనక ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా ఉన్నారు.

"రండి బాబూ, రండి. ఎక్కండి. భయపడకండి, ఇప్పుడు ఆగదు" అన్నారు వకీలుగారితో. "ఇదివరకు దీంట్లో ఎక్కడమంటే ఇంట్లో చెప్పి ఎక్కాల్సి వచ్చేది. మూడో అంతస్తు టీచరమ్మ ఒకసారి నడిమధ్యలో ఇరుక్కుని పరీక్ష పేపర్లన్నీ లోపలే దిద్దేసింది. మా అల్లుడు వచ్చి ఏవో ముక్కలు పెట్టాడు, అప్పట్నుంచి ఆగితే ఒట్టు!"

ఆ పొగడ్తకి నట్టు ఇంకా కుంగిపోయాడు.

"అమ్మా" అన్నారు వకీలుగారు లిఫ్టు పైకి పోతుండగా, "ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"అయ్యో, ఎందుకు చెప్పనూ? అడిగినవాళ్లకీ చెప్పాను, అడగనివాళ్లకీ చెప్పాను."

"చెప్పారు, సరే. చూపించలేదు కదా?"

"చూపించకపోతే నమ్ముతారా బాబూ? పక్క బిల్డింగు సెక్రటరీ ఊరికే మాటలంటే నమ్మే రకం కాదు. తీసుకొచ్చి పెట్టె తెరిచి చూపించాను."

స్ప్రింగమ్మ లిఫ్టు గోడకు నుదురు ఆనించింది. మూడేళ్లు. ఇంట్లో భర్తకు కూడా బొమ్మ గీసి చూపించలేదు. పాప అడిగితే 'వైరుకి అంటించే ముక్కమ్మా' అని తప్పించుకుంది. ఇక్కడ ఈవిడ పక్క బిల్డింగు సెక్రటరీకి కార్యక్రమం పెట్టి మరీ చూపించింది.

"ఎందుకండీ అందరికీ చూపించారు?" అని అడగకుండా ఉండలేకపోయింది.

అత్తగారు ఆమె వంక ఆశ్చర్యంగా చూశారు. "అదేంటమ్మాయ్, మంచి వస్తువైతే పదిమందికీ చూపించరా? చెడ్డదైతే దాచుకోవాలి గానీ."

ఆ మాటలో ఎక్కడ తప్పుందో స్ప్రింగమ్మకు వెంటనే తోచలేదు. మంచిని మూటకట్టి దాచుకొమ్మని ఏ దేవుడూ చెప్పలేదు. ఆమె ఆ నాలుకను తయారుచేసింది కూడా పదిమంది ఇళ్లు తగలబడకూడదనే. కానీ ఇప్పుడే అందరికీ తెలిసిపోతే రేపు ఆ గది గోదాము అవుతుంది, దాని తరువాత రావలసిన వస్తువు ఇక పుట్టదు. ఈ రెండింటిలో ఏది ధర్మమో చెప్పగలిగినవాళ్లు లిఫ్టులో ఎవరూ లేరు.

వకీలుగారే జవాబు చెప్పారు. "చూపించవచ్చమ్మా, పేటెంటు అంటే దాచడం కాదు. దరఖాస్తులో లోపలి గుట్టంతా మేమే రాసి ఇస్తాం, తరువాత ఎవరైనా చదువుకోవచ్చు. కాకపోతే ముందు మా దరఖాస్తు పడాలి, తరువాత మీ దండోరా. వరుస తప్పింది, అదే మా బాధ."

"ఆ ముక్క మా అల్లుడు చెప్పొద్దూ?" అన్నారావిడ. ముగ్గురూ నట్టు వైపు తిరిగారు. నట్టు లిఫ్టులో వెలిగే అంకెల వైపు చూశాడు.

మోటారు గది ఇరుగ్గా, గ్రీజు వాసనతో ఉంది. గోడకు బూడిదరంగు ఇనప పెట్టె. దానికి నిజంగానే గట్టి తాళం. పక్కనే మేకుకు తాళంచెవి, అది ఎవరికైనా కనబడకుండా పోతుందేమోనని ఎర్రటి రిబ్బను కూడా కట్టి ఉంది.

వకీలుగారు ఆ రిబ్బను కేసి చాలాసేపు చూశారు. "ఇది ఎవరు కట్టారు?"

"నేనే" అన్నారు అత్తగారు.

ఆయన పెట్టె తెరవమన్నారు. ఎక్కడ నిలబడి చూపించారు, ఎంత దగ్గరగా చూశారు, ఎవరైనా ముక్కను ఊడదీశారా, విప్పారా, ఫోటో తీశారా అని ఒక్కొక్కటే అడిగారు. అత్తగారు ప్రతిదానికీ తడుముకోకుండా చెప్పారు. ఎవరూ ముట్టుకోలేదు. కరెంటు కొడుతుందని ఆవిడే ముట్టుకోనివ్వలేదు. బారెడు దూరంలో నిలబెట్టి చూపించారు.

"అయితే వాళ్లకి ఏం కనబడింది?"

"ఏముంది బాబూ, తెల్లటిది చిన్నది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది కనబడితే వైరు గట్టిగా ఉన్నట్టని మా అల్లుడు చెప్పాడు."

"లోపల అది ఎలా కదులుతుందో?"

"అది నాకే తెలియదు, ఇంకొకళ్లకి ఏం చెబుతాను?"

వకీలుగారి ముఖంలో పొద్దున్నుంచి మొదటిసారి కాస్త కళ వచ్చింది. ఆయన స్ప్రింగమ్మను పక్కకు పిలిచారు. "కొత్తదనమంతా లోపలుంది కదమ్మా? స్ప్రింగు వంపు నాలుకను ఎలా తోస్తుందన్నదే కదా మన దరఖాస్తు? బయటి నుంచి చూస్తే ఆ సంగతి తెలియదు. ఎవరూ విప్పలేదు, వీళ్లెవరూ ఈ విద్యలో ఉన్నవాళ్లు కారు. నిప్పు మీద నడకే, కానీ నడవవచ్చు. అందరి దగ్గరా సంతకాలు తీసుకుంటాను. ఆ రిబ్బను మాత్రం తీయించమ్మా, నాకు చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి."

స్ప్రింగమ్మ కళ్లు మూసుకుని మనసులోనే దణ్ణం పెట్టుకుంది. నట్టు అప్పుడే మెడ ఎత్తాడు. అత్తగారు "కాఫీ తాగి వెళ్లాలి" అంటున్నారు.

వెళ్లేముందు పెట్టెలోంచి తన ముక్కలు తనే తీసుకుపోదామని స్ప్రింగమ్మ దగ్గరికి వెళ్లింది. కరెంటు ఆపించింది. ఆరు కనెక్టర్లు, బూడిదరంగువి, వరుసగా నాలుకలు బయటపెట్టుకుని కూర్చుని ఉన్నాయి. వాటిని చూస్తే కోపంలోనూ ముద్దొచ్చింది. అడుగు వరుసలో, పాత స్క్రూ కనెక్టర్ల మధ్య, ఇంకొకటి ఉంది. ఆకుపచ్చ రంగుది. దానికీ తెల్ల నాలుక ఉంది.

"నట్టూ, ఇది కూడా నువ్వే పెట్టావా?"

"లేదక్కా. మనం ఆకుపచ్చవి చెయ్యలేదు కదా?"

"ఓ, అదా" అన్నారు అత్తగారు తేలిగ్గా. "అది మొన్న లిఫ్టు మెకానిక్ పెట్టాడమ్మా. మీవి చూసి, 'ఇవి కరెంటు సామాన్ల కొట్లో కూడా వచ్చాయే' అన్నాడు. కొట్టువాడు శాంపిలని ఊరికే ఇచ్చాడట."

"కొట్లోనా?" వకీలుగారు వెళుతున్నవారు వెళుతున్నట్టే ఆగిపోయారు. తరువాత నట్టు భుజం మీద చెయ్యి వేసి నీరసంగా అన్నారు: "ఇంకేముంది, ఎవడో ఇక్కడికొచ్చి చూసి నకలు దింపేశాడు."

"కాదు" అంది స్ప్రింగమ్మ. "ఇక్కడ పెట్టి నెలన్నరే అయింది. దీనికి ప్లాస్టిక్కు పోసే అచ్చును ఇనుములో చెక్కాలంటేనే మూడు నాలుగు నెలలు పడుతుంది. చూసి దింపింది కాదు."

ఆమె ఆ ఆకుపచ్చ ముక్కను ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెల్లకిలా తిప్పింది. అడుగున గోటితో రాసి చూసింది. తగిలింది. వెంట్రుకంత సన్నని గీత, పైకి ఉబ్బి.

ఆ గీత ఆమెకు తెలుసు. ట్రయలు అచ్చును మెరుగుపెడుతున్నప్పుడు పనిముట్టు జారి ఒక మూల చిన్న గాటు పడింది. అందులో పోసిన ప్రతి ముక్క అడుగునా ఆ గాటు ఇలా గీతై వస్తుంది. ట్రయలే కదా, అసలు అచ్చులో సరిచేసుకుందాం అని అప్పుడు వదిలేశారు. ఆ గాటున్న అచ్చు ప్రపంచంలో ఒక్కటే ఉంది.

"ఇది నకలు కాదు వకీలుగారూ. ఇది మా అచ్చులోంచి వచ్చిందే."

"ఆ అచ్చు ఎక్కడుంది?"

"బయట, మోల్డింగు కార్ఖానాలో. మా దగ్గర అంత మిషను లేదు కాబట్టి వాళ్ల దగ్గరే ఉంచాం."

"కార్ఖానా ఎవరిదమ్మా?" ఆయన కలం మూత తీశారు. "పేరు కావాలి. దొంగిలించి బయటపెట్టారంటే దానికి వేరే దారి ఉంది. అయితే ఈరోజే కాగితం మీద పెట్టాలి."

స్ప్రింగమ్మ ఆ గీత మీద మళ్లీ గోరు రాసింది. నట్టు ఆమె వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. అతనికి తెలుసు.

"మా అన్నయ్యది" అంది చివరికి.

తండ్రి పోయాక ఆమెను చదివించినవాడు. ఆమె మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే 'నాకెందుకే, స్ప్రింగులు కొనుక్కో' అని నవ్వినవాడు. అలాంటివాడిని దొంగ అని కాగితం మీద రాయాలా? రాయకపోతే నట్టుతో సహా విభాగంలో అందరి అన్నం పోతుంది. వకీలుగారు కలం పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఆయన తొందరపెట్టలేదు, కానీ కలం మూత మళ్లీ పెట్టలేదు.

"ముందు నన్ను అడగనివ్వండి" అని ఫోన్ తీసింది.

"మా అందరికీ వినపడేట్టు పెట్టమ్మా" అన్నారాయన మెల్లగా. "రేపు నేను నీ తరఫున చెప్పాలి."

రెండు రింగులకే అన్నయ్య ఎత్తాడు. వెనక పెద్దగా మిషను చప్పుడు, అచ్చు మూసుకోవడం, తెరుచుకోవడం, ముక్కలు రేకు డబ్బాలో రాలడం.

"ఏమే స్ప్రింగమ్మా, ఇవాళ నేను గుర్తొచ్చానేం?"

"అన్నయ్యా, మా ట్రయలు అచ్చు ఎక్కడుంది?"

"ఎక్కడుండటమేంటే, మిషను మీదుంది. వినపడటం లేదూ? నెల రోజులుగా ఇదే పని. మీ సరుకుతో నాకు తిండికి కూడా తీరిక లేదు."

"ఎవరు ఎక్కించమన్నారు?"

"భలేదానివే! ఎవరు చెబితే ఎక్కిస్తానే నేను? మీ పెద్దసారే. కొట్లకి శాంపిళ్లు పంపాలన్నాడు. ఆకుపచ్చ రంగు కూడా ఆయనే ఎంచాడు. స్ప్రింగులు కూడా మీ గోదాము నుంచే వస్తున్నాయి. 'మీ చెల్లెలికి అన్నీ తెలుసు, కాగితాల పనిలో ఉంది, ఊరికే కదిలించకు' అన్నాడు. అందుకే నేనూ ఫోన్ చెయ్యలేదు. ఏమే, మాట్లాడవేం?"

ఆమె వకీలుగారి వైపు చూసింది. ఆయన కలం కాగితం మీద ఆనించి, రాయకుండా వింటున్నారు.

"ఓసి పిచ్చిదానా, నా మాట మీద నమ్మకం లేకపోతే ఆయన్నే అడుగు" అన్నాడు అన్నయ్య నవ్వుతూ. "సరుకు చూసుకుపోదామని వచ్చి ఇక్కడే నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఇదిగో, ఇస్తున్నాను ఉండు. సార్, మా చెల్లెలు!"

ఫోన్ చేతులు మారింది, ఆ వెంటనే మిషను చప్పుడుతో సహా లైను తెగిపోయింది.